రాయిస్‌డాల్ గాలిమర, హొబెమా దారి: మూడ్ పట్టడంలో ఏది మేలు?

డచ్ ప్రకృతి చిత్రాల్లో మూడ్ అనగానే మొన్నమొన్నటి దాకా నాకు గుర్తొచ్చేది యాకొబ్ వాన్ రాయిస్‌డాల్ వేసిన వైక్ బై డ్యూర్‌స్టెడె అనే ఊరి గాలిమరే. 1670 ప్రాంతంలో వేసిన బొమ్మ, ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో ఉంది. సగానికి పైగా ఆకాశమే. బూడిదరంగు మబ్బులు కమ్ముకొస్తుంటే, కింది నుంచి తలెత్తి చూస్తున్నట్టు వేసిన గాలిమర వాటికి ఎదురొడ్డి నిలబడి ఉంటుంది, కుడివైపు దారిలో ముగ్గురు ఆడవాళ్లు మాత్రం దాని ముందు ఎంత చిన్నగా కనిపిస్తారో. వాన పడబోయే ముందు చుట్టూ ఒక్కసారిగా మసకబారుతుంది చూడండి, ఆ కాసేపటి గుబులు మొత్తం అందులో ఉంది.

మైండర్ట్ హొబెమా ఆయన శిష్యుడే. 1668లో ఆమ్‌స్టర్‌డామ్‌లో వైన్ కొలతలు తనిఖీ చేసే ఉద్యోగంలో చేరాక బొమ్మలు వేయడం బాగా తగ్గించేశాడు. అలాంటివాడు ఇరవై ఏళ్లు దాటాక, 1689లో, మిడెల్‌హార్నిస్ అనే ఊరి దారి బొమ్మ వేశాడు. ఇది లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది.

ఇందులో తుఫాను లేదు, చీకటి లేదు, మామూలు పగలు. మధ్యలో మట్టిదారి, రెండు పక్కలా కాలువలు, కొమ్మలు కొట్టేయగా చివర మాత్రం కుచ్చులా ఆకులు మిగిలిన సన్నటి పొడవాటి చెట్లు. తుపాకీ పట్టుకుని కుక్కతో ఒకాయన మనవైపే నడిచొస్తుంటాడు. కుడిపక్క తోటలో ఒకతను మొక్కల పనిలో ఉన్నాడు, ఎడమన దూరంగా చర్చి గోపురం. ఇంతే. కానీ కాసేపు చూస్తే మనసు నిశ్శబ్దమైపోతుంది, కొంచెం ఒంటరిగా కూడా అనిపిస్తుంది, ఎందుకో వెంటనే చెప్పలేం.

అందుకే నా ఓటు ఇప్పుడు హొబెమాకే. నల్లమబ్బు చూస్తే ఎవరికైనా గుబులు పుడుతుంది, రాయిస్‌డాల్‌కి ఆ సాయం ఉంది. హొబెమాకి ఉన్నది మనుషులు నాటి, నరికి, తీర్చిన చెట్ల వరస మాత్రమే, అదే నేల ఎంత చదునో, ఆకాశం ఎంత ఎత్తో చెప్పేస్తుంది. అయితే మబ్బులు వేయడం నేర్చుకోవాలనుకుంటే మాత్రం రాయిస్‌డాల్ దగ్గరికే వెళ్లండి, అందులో నాకు రెండో మాట లేదు. వీలైతే హేగ్‌లోని మౌరిట్స్‌హౌస్‌లో ఉన్న ఆయన హార్లెమ్ దృశ్యం కూడా చూడండి, అక్కడా ఆకాశానిదే రాజ్యం.

హొబెమా మొదట దారి ముందు భాగంలో ఇంకో రెండు చెట్లు వేసి, తర్వాత వాటి మీద రంగు పూసి తీసేశాడు. అవి ఉండిపోయుంటే మనం గుమ్మం బయటే ఆగిపోయేవాళ్లం. ఇప్పుడైతే ఆ దారి సరాసరి మన కాళ్ల దగ్గరే మొదలవుతుంది.