గూగుల్ పేటెంట్స్: మెషిన్ మీద డబ్బు పెట్టే ముందు ఇక్కడ కూర్చోండి

హైదరాబాద్‌లో బాలానగర్, జీడిమెట్ల వైపు చిన్న వర్క్‌షాపులు నడిపేవాళ్లకి, వాళ్ల దగ్గర డిజైన్ పని చేసే నాలాంటివాళ్లకి, ఫైనల్ ఇయర్ ప్రాజెక్టు మీద పేటెంట్ వేద్దామనుకునే పిల్లలకి పనికొస్తుందని ఇది రాస్తున్నా. ఎవరు ఏం కనిపెట్టి పేటెంట్ వేశారో వెతుక్కునే గూగుల్ పేటెంట్స్ వెబ్‌సైట్ 2006 డిసెంబర్ నుంచి ఉంది. పూర్తిగా ఫ్రీ, లాగిన్ కూడా అడగదు, వందకు పైగా పేటెంట్ ఆఫీసుల కాగితాలు అందులో ఉన్నాయి. అయినా మన దగ్గర చాలామందికి దాని సంగతే తెలియదు. తెలిసినవాళ్లలో సగం మంది రెండు మాటలు కొట్టి, ఏమీ రాలేదని మూసేసి, "ఇలాంటిది ఎక్కడా లేదు సార్" అని బ్యాంకు లోన్‌కి వెళ్లిపోతారు. అలా వెళ్లేవాళ్లని చూస్తే నిజంగా బాధేస్తుంది, ఎందుకంటే ఒక్క ఆదివారం సరిగ్గా కూర్చుంటే సంగతి ముందే తెలిసిపోయేది.

రాకపోవడానికి అసలు కారణం మనం కొట్టే మాటలు. నా పని ప్యాకింగ్ మెషిన్లు, కాబట్టి దాన్నే చెప్తా. మనం "పౌచ్ సీలింగ్ మెషిన్" అని వెతుకుతాం, కానీ పేటెంట్ రాసేవాడు పౌచ్ అని రాయడు. ఫ్లెక్సిబుల్ కంటైనర్ అంటాడు, ట్యూబులర్ వెబ్ (గొట్టంలా చుట్టిన ఫిల్మ్) అంటాడు, ఎంత ఎక్కువ రకాలకి వర్తిస్తే అంత మంచిదని వీలైనంత పెద్ద మాట వాడతాడు. అందుకే మాటలతో మొదలుపెట్టినా మాటల దగ్గరే ఆగకూడదు. మీ మెషిన్‌కి కాస్త దగ్గరగా ఉన్నది ఒక్కటి దొరికితే చాలు, ఆ పేజీలో క్లాసిఫికేషన్ అని కొన్ని కోడ్‌లు కనిపిస్తాయి. ప్యాకింగ్ మెషిన్లన్నీ బి65బి కింద ఉంటాయి. ఫిల్మ్‌ని గొట్టంలా చుట్టి, అందులో సరుకు పోసి, సీల్ చేసే మెషిన్, అంటే మనం ఎఫ్ఎఫ్ఎస్ అని పిలిచేది, బి65బి 9/20 దగ్గర ఉంటుంది. ఆ కోడ్‌తో వెతికితే రాసినవాడు ఏ మాట వాడినా, ఏ దేశం వాడైనా బయటికొస్తాడు. ఇంకా కిందికి వెళ్తే ఈ పేటెంట్ ఎవరిని ప్రస్తావించింది, తర్వాత దీన్ని ఎవరు ప్రస్తావించారు అనే రెండు జాబితాలు ఉంటాయి. ఒకదాన్ని పట్టుకుని వెనక్కి, ముందుకి నడుచుకుంటూ పోవచ్చు. నా లెక్కలో ఈ సైట్‌లో అన్నిటికన్నా గొప్ప సౌకర్యం ఇదే. చైనా పేటెంట్లని మెషిన్ ట్రాన్స్‌లేషన్‌తో ఇంగ్లిష్‌లో చూపించడం రెండోది, ఎందుకంటే చిన్న యంత్రాల విషయంలో అక్కడివాళ్లు వేయని దరఖాస్తు అంటూ లేదు అనిపిస్తుంది.

ఇప్పుడు ఎక్కువమంది పొరబడే చోటు. నంబర్ చివర ఉండే అక్షరం చూడండి. అమెరికా నంబర్ చివర ఎ1 అని ఉంటే అది ప్రచురించిన దరఖాస్తు మాత్రమే, హక్కు వచ్చినట్టు కాదు. బి1, బి2 అని ఉంటే గ్రాంట్ అయినట్టు, అంటే హక్కు ఇచ్చేసినట్టు. చైనా నంబర్ చివర యు ఉంటే అది యుటిలిటీ మోడల్, అంటే చిన్న తరహా పేటెంట్, పదేళ్ల హక్కు, లోతైన పరీక్ష లేకుండానే ఇస్తారు. కానీ ఒకటి గుర్తుంచుకోండి. మీ ఐడియా కొత్తదా కాదా అని తేల్చేటప్పుడు ఈ తేడాలు పనిచేయవు, వదిలేసిన దరఖాస్తు అయినా సరే ముందే ప్రచురించి ఉంటే మీది కొత్తది కాదు. మీరు ఎవరి హక్కునైనా తొక్కుతున్నారా అని చూసుకునేటప్పుడే గ్రాంట్ అయిందా, ఇంకా బతికుందా అన్నది ముఖ్యం. ఈ రెండు ప్రశ్నలూ వేరని మా ఫీల్డ్‌లో సీనియర్లకి కూడా ఒక్కోసారి చెప్పాల్సి వస్తుంది.

చదివేటప్పుడు అబ్‌స్ట్రాక్ట్ (పైన ఉండే క్లుప్త వివరణ) చదివి కంగారు పడొద్దు, బొమ్మలు చూసి సంబరపడొద్దు. నేరుగా క్లెయిమ్స్‌కి, అంటే దేని మీద హక్కు కోరుతున్నారో చెప్పే వాక్యాలకి వెళ్లండి, అందులో మొదటిది. ఉదాహరణకి అది ఇలా ఉందనుకోండి: ఫిల్మ్ రోల్, దాన్ని గొట్టంగా మలిచే కాలర్, వేడి చేసిన జాస్ (నొక్కి సీల్ వేసే దవడలు) ఒక జత, ఆ జాస్‌ని నడిపే క్యామ్, సీల్ మధ్యలో కోసే బ్లేడు, "వీటితో కూడిన యంత్రం". ఇందులో ఒక్కో భాగం కింద గీత గీసి, మీ మెషిన్ పక్కన పెట్టి చూడండి. మామూలుగా అన్నీ ఉంటేనే మీది ఆ క్లెయిమ్‌లో పడుతుంది. మీ దాంట్లో క్యామ్ లేకుండా సర్వో మోటార్ ఉంటే అది వేరే చర్చ. క్యామ్ చేసే పనినే అదే పద్ధతిలో సర్వో చేస్తోందని అవతలివాడు వాదించొచ్చు, అక్కడ లాయర్ కావాలి. కానీ ఏ భాగం దగ్గర చర్చ ఉందో తెలుసుకుని లాయర్ దగ్గరికి వెళ్లడానికీ, మొత్తం ఫైలు ఆయన టేబుల్ మీద పడేసి రావడానికీ ఫీజులోనే తేడా కనిపిస్తుంది.

పాత పేటెంట్లు చదవడం నాకు చాలా ఇష్టం, అందులో నేర్చుకునేదీ ఎక్కువే. జగదీశ్ చంద్ర బోస్ 1901లో దరఖాస్తు పెట్టి 1904లో తీసుకున్న అమెరికా పేటెంట్ 755,840 తీయండి. గెలీనా స్ఫటికంతో విద్యుత్ తరంగాల్ని పట్టుకునే డిటెక్టర్ అది. సెమీకండక్టర్ అనే మాట జనం నోళ్లలో లేని రోజుల్లో ఆయన ఆ పరికరాన్ని ఎంత శుభ్రంగా వర్ణించారో చూస్తే గర్వంగా ఉంటుంది. పేటెంట్ల మీద ఆయనకి పెద్ద ఆసక్తి లేదు, దగ్గరివాళ్లు పట్టుబట్టబట్టే ఇది వచ్చింది. కంప్యూటర్ మౌస్ 3,541,541 నంబర్‌లో ఉంది, ఎంగెల్‌బార్ట్ పేరు మీద, 1970 గ్రాంట్. టైటిల్‌లో మౌస్ లేదు, డిస్‌ప్లేకి ఎక్స్-వై పొజిషన్ ఇండికేటర్ అని ఉంది, బొమ్మలో అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి రెండు చక్రాలు కనిపిస్తాయి. ఇంకోటి 2,292,387, 1942 నాటి సీక్రెట్ కమ్యూనికేషన్ సిస్టమ్. రేడియో సిగ్నల్‌ని ఒక ఫ్రీక్వెన్సీ నుంచి ఇంకోదానికి దూకిస్తూ పంపడం, పంపేవైపూ అందుకునేవైపూ కాగితం రోల్స్‌కి రంధ్రాలు పెట్టి ఒకేలా నడపడం, పియానో మెట్లలాగే 88 ఫ్రీక్వెన్సీలు. రాసింది సినిమా నటి హెడీ లమార్, సంగీతకారుడు జార్జ్ ఆంథైల్. కానీ ఇన్వెంటర్ గడిలో హెడీ లమార్ అని కొడితే ఇది దొరకదు, కాగితం మీద ఉన్నది హెడీ కీస్లర్ మార్కీ. పేరుతో వెతికేటప్పుడు ఇంటిపేరు, పెళ్లి తర్వాతి పేరు, ఇనిషియల్స్ అన్నీ మార్చి చూడాలని చెప్పడానికి దీనికన్నా మంచి ఉదాహరణ లేదు. మన పేర్ల విషయంలో ఇది రెట్టింపు నిజం, ఇంటిపేరు ముందొకసారి వెనకొకసారి పడుతుంటుంది. 1976కి ముందువి స్కాన్ చేసి మెషిన్ చదివిన అక్షరాలు కాబట్టి తప్పులుంటాయి, అలాంటప్పుడు పీడీఎఫ్ దించుకుని చూసుకోవడమే.

పేటెంట్ అంటే తాళం వేసిన గది అని చాలామంది అనుకుంటారు, కానీ గడువు తీరిందంటే అది అందరి సొత్తు. మన దగ్గర దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు, అది కూడా ఏటా రెన్యువల్ ఫీజు కడుతూ ఉంటేనే. గూగుల్ పేజీలో ఎక్స్‌పైర్డ్ అని కనిపిస్తే పక్కన లైఫ్‌టైమ్ అని ఉందా, ఫీ రిలేటెడ్ అని ఉందా చూడండి. రెండోదైతే ఫీజు కట్టక పోయిందని అర్థం. అలా పోయిన వాటిలో మన చిన్న పరిశ్రమలకి పనికొచ్చే డిజైన్లు కొల్లలుగా ఉన్నాయి, కొలతలతో, బొమ్మలతో, ఎందుకు అలా చేశారో వివరణతో సహా. పేటెంట్ ఉండి కూడా వదులుకున్న కథలూ ఉన్నాయి. 1994లో జపాన్‌లో డెన్సో వాళ్లు చేసిన క్యూఆర్ కోడ్‌కి పేటెంట్ ఉన్నా, ప్రమాణం ప్రకారం వాడుకునేవాళ్ల మీద హక్కు ప్రయోగించబోమని వాళ్లే ప్రకటించారు. ఇవాళ నాంపల్లిలో ఇరానీ చాయ్ కౌంటర్ మీద కూడా ఆ స్టిక్కర్ ఉందంటే ఆ నిర్ణయం కూడా ఒక కారణం.

ఈ ఊరికి పేటెంట్లతో ఉన్న బంధం వేరే ఏ ఊరికీ లేదని నా నమ్మకం. 1970 చట్టం 1972లో అమల్లోకి వచ్చాక మందుల మీద ప్రాడక్ట్ పేటెంట్ ఇవ్వడం ఆగింది, తయారుచేసే పద్ధతికి మాత్రమే ఇచ్చారు, అది కూడా ఐదు నుంచి ఏడేళ్లకి. అంటే వేరే దారిలో అదే మందు చేయగలిగితే చేసుకోవచ్చు. బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పని నేర్చుకున్నవాళ్లు, తార్నాకలో రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీలో పద్ధతులు కనిపెట్టినవాళ్లు ఆ సందులోంచే ఒక పరిశ్రమని నిలబెట్టారు. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి గారు 1984లో డాక్టర్ రెడ్డీస్ మొదలుపెట్టారు. 2005 జనవరి 1 నుంచి ప్రాడక్ట్ పేటెంట్లు మళ్లీ వచ్చాయి. ఈ చరిత్ర చదవాలంటే అసైనీ (హక్కుదారు) గడిలో ఐఐసీటీ మాతృసంస్థ కౌన్సిల్ ఆఫ్ సైంటిఫిక్ అండ్ ఇండస్ట్రియల్ రీసెర్చ్ పేరు ఇంగ్లిష్‌లో కొట్టండి. ఒక ప్రాసెస్ పేటెంట్ తెరిస్తే ఏ సాల్వెంట్, ఎన్ని డిగ్రీల నుంచి ఎన్ని డిగ్రీలు, ఎన్ని గంటలు, ఎంత దిగుబడి, ఎగ్జాంపుల్ 1, ఎగ్జాంపుల్ 2 అంటూ ల్యాబ్ నోట్‌బుక్‌లా ఉంటుంది. కెమిస్ట్రీ పిల్లలు పాస్‌మార్కుల గైడ్లు పక్కన పెట్టి ఇవి చదివితే బాగుపడతారు.

సరే, లోటుపాట్లు. మొదటిది, భారతదేశం పేటెంట్ల విషయంలో గూగుల్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. ఇక్కడి సంగతి తేల్చేది మన పేటెంట్ ఆఫీసు సొంత సైట్, ఇన్‌పాస్. ప్రతి వెతుకులాటకీ కాప్చా కొట్టాలి, గూగుల్ అంత హాయిగా ఉండదు, కానీ అందులో ఉన్న సంపద గూగుల్‌లో దొరకదు. అప్లికేషన్ స్టేటస్‌లోకి వెళ్లి డాక్యుమెంట్లు తెరిస్తే ఎగ్జామినర్ ఏం అభ్యంతరం పెట్టాడు, ఏ పాత పేటెంట్ చూపించాడు, దరఖాస్తుదారు తరఫు పేటెంట్ ఏజెంట్ ఏం జవాబిచ్చాడు అన్నీ చదవొచ్చు. రెన్యువల్ ఫీజు ఎప్పటిదాకా కట్టారో రిజిస్టర్‌లో ఉంటుంది. రెండోది, గూగుల్ చూపించే స్టేటస్ అంచనా మాత్రమే, న్యాయపరంగా తేల్చింది కాదని ఆ పేజీలోనే రాసి ఉంటుంది, దాన్ని ఆధారం చేసుకుని ఆర్డర్లు తీసుకోవద్దు. మూడోది ఎవరూ దాటలేనిది. దరఖాస్తు మామూలుగా 18 నెలల దాకా ప్రచురించరు, కాబట్టి నిన్నమొన్న ఎవరు ఏం వేశారో ఏ సైట్‌లోనూ కనపడదు.

అమెరికా పేటెంట్ దొరికిందని ఇక్కడ పని ఆపేయక్కర్లేదు, పేటెంట్ తీసుకున్న దేశంలోనే చెల్లుతుంది. పీసీటీ దారిలో, అంటే ఒకే అంతర్జాతీయ దరఖాస్తుతో వచ్చేవాళ్లకి ఇండియాలో అడుగుపెట్టడానికి మొదటి దరఖాస్తు తేదీ నుంచి 31 నెలల గడువు ఉంది. అది దాటిపోయి, ఇన్‌పాస్‌లో కూడా లేదంటే ఇక్కడ చేసి ఇక్కడ అమ్ముకోవడానికి చాలావరకు అడ్డు లేనట్టే. అదే మెషిన్‌ని అమెరికా ఎగుమతి చేస్తానంటే మాత్రం ఆపుతారు.

ఇదంతా ఎందుకింత పట్టుదలగా చెప్తున్నానంటే, ఊళ్లో ఒక కన్సల్టెన్సీ మా పరిచయస్తుడి దగ్గర "సెర్చ్ రిపోర్ట్" పేరుతో డబ్బు తీసుకుని ఇచ్చింది మొదటి పేజీ ఫలితాల అబ్‌స్ట్రాక్ట్‌ల ప్రింట్లు. క్లెయిమ్‌తో పోల్చిన చోటు ఒక్కటీ లేదు, క్లాసిఫికేషన్ కోడ్ ఒక్కటీ లేదు. మంచి ఏజెంట్లు ఉన్నారు, డ్రాఫ్టింగ్‌కి వాళ్లు కావాల్సిందే, క్లెయిమ్ రాయడం నేర్పు ఉన్న పని. కానీ మీరు ముందు ఇక్కడ వెతికి ఉంటే ఎవరు పని చేశారో ఎవరు చేయలేదో రిపోర్ట్ చూడగానే తెలుస్తుంది. ప్రభుత్వ ఫీజు కూడా తెలుసుకుని వెళ్లండి. వ్యక్తులకి, స్టార్టప్‌లకి ఆన్‌లైన్‌లో దరఖాస్తుకి 1,600, పరీక్ష కోరడానికి 4,000 రూపాయలు. 30 పేజీలు, 10 క్లెయిమ్‌లు దాటితే అదనం. హైదరాబాద్ చెన్నై ఆఫీసు పరిధిలోకి వస్తుంది, ఫైలింగ్ ఆన్‌లైన్ కాబట్టి ఊరు దాటక్కర్లేదు.

యాప్ చేసిన పిల్లలు మన పేటెంట్ చట్టంలో సెక్షన్ 3(కె) చదవండి, వట్టి కంప్యూటర్ ప్రోగ్రామ్‌కి ఇక్కడ పేటెంట్ లేదు. దాని వల్ల సాంకేతికంగా ఏం మెరుగైందో చూపించాలి. అన్నిటికన్నా ముందు, దరఖాస్తు పడేదాకా మీ ప్రోటోటైప్ వీడియో యూట్యూబ్‌లో పెట్టొద్దు, హైటెక్స్ ఎగ్జిబిషన్‌లో స్టాల్ పెట్టి చూపించొద్దు. ముందే బయటపెడితే మీది కొత్తది కాకుండా పోతుంది, మినహాయింపులు కొన్ని ఉన్నాయి కానీ వాటిని నమ్ముకోవద్దు. ఆర్ఎస్ఏ ఎన్‌క్రిప్షన్ (సమాచారాన్ని రహస్య సంకేతాల్లోకి మార్చే పద్ధతి) ఇన్వెంటర్లకి 1983లో అమెరికా పేటెంట్ 4,405,829 వచ్చింది, మిగతా దేశాల్లో రాలేదు. 1977 డిసెంబర్‌లో దరఖాస్తు పెట్టేసరికి ఆ పద్ధతి ఒక సైన్స్ మాసపత్రికలో వచ్చేసి ఉంది. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక దరఖాస్తు) వేసుకుంటే పూర్తి స్పెసిఫికేషన్‌కి, అంటే పూర్తి వివరాలు ఇవ్వడానికి, 12 నెలల టైమ్ దొరుకుతుంది, వీడియోలు ఆ తర్వాత పెట్టుకోండి.