కాంపొజిషనా, రెగ్యులరా: ఒంగోలు చిల్లర వ్యాపారికి ఏది మేలు?

ఏటా కోటిన్నర రూపాయల లోపు టర్నోవరు ఉన్న సరుకుల వ్యాపారికి జీఎస్టీలో రెండు దారులున్నాయి. కాంపొజిషన్‌లో టర్నోవరుపై 1 శాతం తన జేబులోంచి కట్టాలి. బిల్లులో పన్ను వేయకూడదు, కొనుగోలుపై కట్టిన పన్ను తిరిగి రాదు. రెగ్యులర్‌లో పన్ను వసూలు చేసి, కొన్నప్పుడు కట్టినది మినహాయించుకుని, మిగిలినది జమచేయాలి.

ఒంగోలులోని హార్డ్‌వేర్ దుకాణదారు 1,000 రూపాయల డ్రిల్లింగ్ యంత్రాన్ని 18 శాతం పన్నుతో 1,180కి తెచ్చి, 1,416కి అమ్మాడనుకుందాం. రెగ్యులర్‌లో అతనికి మిగిలేది 200. కాంపొజిషన్‌లో 14 రూపాయల పన్ను పోగా సుమారు 222. కొన్నది ఇంటి యజమాని అయితే అతనికి రెండూ ఒకటే ధర. కానీ కొనేది చీమకుర్తి గ్రానైట్ ఫ్యాక్టరీ అయితే, రెగ్యులర్ బిల్లుపై 216 రూపాయల క్రెడిట్ (తాను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకునే మొత్తం) వస్తుంది కనుక అసలు ఖర్చు 1,200 మాత్రమే. కాంపొజిషన్ బిల్లుపై మొత్తం 1,416 పడుతుంది. అలాంటి ఖాతాదారు రెండోసారి ఆ మెట్టు ఎక్కడు.

నెల్లూరు వ్యాపారులకు మరో చిక్కు: కాంపొజిషన్‌లో ఉండి చెన్నై నుంచి సరుకు తెచ్చుకోవచ్చు గానీ, వేరే రాష్ట్రం కనుక చెన్నైకి అమ్మకూడదు.

రిటర్నుల భారం చూసి కాంపొజిషన్‌కు వెళ్లడం మాత్రం నాకు సబబుగా తోచదు. 5 కోట్ల లోపు టర్నోవరు ఉన్నవారికి రెగ్యులర్‌లోనూ మూడు నెలలకోసారి రిటర్ను వేసే వీలుంది, పన్ను మాత్రం నెలనెలా కట్టాలి.