ఐదు చేమంతి సీజన్లు, ఒక మాక్రో లెన్స్, దాని పక్కనున్న చిన్న స్విచ్

చిన్న వాటిని బాగా దగ్గర్నుంచి తీయడానికి వాడే ఈ 90 ఎంఎం మాక్రో లెన్స్ కొని ఐదేళ్లయింది. షార్ప్‌నెస్ గురించీ బొకే (వెనక భాగం మసకబారే తీరు) గురించీ అందరూ రాసేశారు కాబట్టి వాటి జోలికి పోను. దీని పక్కన ఫోకస్ లిమిటర్ అని, లెన్స్ ఎంత దూరం మేర ఫోకస్ వెతకాలో హద్దు పెట్టే ఒక చిన్న స్విచ్ ఉంటుంది. నేను రాయాలనుకున్నది దాని గురించే. మొదటి ఏడాది దాన్ని ముట్టుకోనైనా లేదు.

నేను టోక్యోలో నిషి-కసాయి వైపు ఉంటాను. ఏటా నవంబరు 1 నుంచి 23 దాకా యుషిమా తెంజిన్ గుడిలో చేమంతుల ప్రదర్శన పెడతారు. ఒతెమాచిలో రైలు మారితే చాలు, అందుకే సీజన్లో రెండు మూడు శనివారాలు అక్కడే ఉంటాను. మనకు చేమంతి అంటే మూరల లెక్క, లేదా బతుకమ్మలో ఒక వరస. ఇక్కడ ఒక్క మొక్కను నెలల తరబడి సాకి, మూడు కొమ్మలకు మూడే మూడు పూలు పూయిస్తారు. ఆ మూడింటికీ ఆకాశం, భూమి, మనిషి అని పేర్లు. ఉండలా ముడుచుకున్న రకం అత్సుమోనో. రేకులు పలచగా, పళ్లెంలా పరుచుకుని, కింద తెల్లటి అట్ట బిళ్ల ఆసరాగా ఉండేది ఇచిమొంజి. ఈ రెండింటినీ ఏ లెన్స్ అయినా తీస్తుంది.

చిక్కల్లా కుదమోనోతోనే. రేకు రేకూ సన్నని గొట్టంలా ఉండి చివర కొక్కెంలా వంగుతుంది. రేకుల మధ్య అంతా ఖాళీ, ఆ ఖాళీలోంచి వెనక పందిరి నీడ కనిపిస్తుంది. లెన్స్ రేకు చివర పట్టుకోబోయి, జారి వెనక్కి పోయి, అక్కడ ఏమీ దొరక్క మళ్లీ ముందుకొచ్చి, గిర్రుమంటూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. ఆ రద్దీలో ట్రైపాడ్ మాట ఎత్తలేం. వెనక నిలబడ్డ పెద్దావిడ మర్యాదగా ఎదురుచూస్తుంటుంది, అది ఇంకా టెన్షన్. రెండో ఏడాది ఆ స్విచ్‌ని 30-50 సెంటీమీటర్ల దగ్గర పెట్టి చూశాను. లెన్స్ ఇక దూరానికి పోనే పోదు. నొక్కగానే పట్టేసింది. ఆ రోజు ఇంటికొచ్చి, కనబడ్డ ప్రతివాడికీ ఈ లెన్స్ కొనమని చెప్పాను.

మూడో ఏడాది నవంబరు 15కి దగ్గర్లో వచ్చిన శనివారం. మూడు, ఐదు, ఏడేళ్ల పిల్లలను కిమోనోలు కట్టి గుడికి తీసుకొచ్చే రోజులవి. మా స్నేహితుడి కూతురికి మూడేళ్లు నిండాయి, వాళ్లమ్మ పట్టులంగా వేసి తీసుకొచ్చింది. జలపాతంలా కిందికి వేలాడే కెంగాయి చేమంతుల ముందు పాపను నిలబెట్టి "అన్నయ్యా, తియ్యండి" అంది. తీస్తే మొత్తం మసక. కెమెరా ఆపి మళ్లీ ఆన్ చేశాను. బ్యాటరీ మార్చాను. లెన్స్ ఊడదీసి, కాంటాక్టులను చొక్కా అంచుతో తుడిచాను (ఎవరూ చేయకండి). మళ్లీ మసకే. ఈలోగా పాప ఏడుపు మొదలుపెట్టింది. చివరికి వాళ్ల ఫోటో నా ఫోన్‌తోనే తీశాను. లెన్స్ పోయిందనుకుని ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సోమవారం ఆఫీసుకు సగం రోజు సెలవు పెట్టి సర్వీస్ సెంటర్‌కు పట్టుకెళ్లాను. కౌంటర్లో అబ్బాయి లెన్స్ అందుకుని, దగ్గరి వైపే ఉండిపోయిన ఆ స్విచ్‌ను బొటనవేలితో పక్కకు జరిపి, తలవంచి నమస్కరించి తిరిగిచ్చేశాడు. డబ్బులు తీసుకోలేదు. ఎంతో కొంత తీసుకుని ఉంటే నాకే కాస్త పరువు దక్కేది.

ఆ మరుసటి ఏడాది స్విచ్ నిజంగానే వదులైంది. బ్యాగులో రాసుకుంటే చాలు, తనంతట తానే దగ్గరి వైపుకి జారిపోతోంది. బాగుచేయడానికి అడిగిన ధర విని, ఇంటికొచ్చి నల్ల టేపు ముక్క అంటించాను. అప్పటి నుంచి కుదమోనో దగ్గర టేపు పీకడం, చేమంతి బొమ్మల దగ్గర మళ్లీ అంటించడం. మనిషంత బొమ్మలకు బతికున్న చేమంతి మొక్కలనే బట్టల్లా అల్లుతారు, వేళ్లకు తడినాచు చుట్టి రోజూ నీళ్లు పోస్తారు. వాటిని తీయాలంటే దూరం ఫోకస్ కావాల్సిందే.

ఇంతకీ ఆ స్విచ్‌ని అంత పొగిడాను గానీ, నిరుడు లెక్క చూసుకుంటే దాని అవసరం పడ్డవి పదింట్లో రెండో మూడో ఫోటోలు. మిగతా వాటికి వేలితో ఫోకస్ రింగ్ తిప్పుకున్నా సరిపోయేది. కసామా ఇనారి గుడికి, అదే 1908 నుంచి చేమంతి పండగ జరిగే చోటికి, ఈ ఒక్క లెన్స్‌తో వెళ్లడం కూడా నా తెలివితక్కువే. నాది చిన్న సెన్సర్ కెమెరా, దాని మీద ఇది 135 ఎంఎం లెన్స్‌లా ఇరుకుగా చూపిస్తుంది. తోమొబెలో రైలు మారి అంత దూరం పోయి, పూల వరసలన్నీ ఫోన్‌లోనే తీసుకొచ్చాను. పసుపు పూల రేకుల్లో గీతలు చెరిగిపోయేది కూడా లెన్స్ తప్పనుకున్నాను. ఎక్స్‌పోజర్ (ఫోటోలో పడే వెలుతురు) కొంచెం తగ్గించాక కనబడ్డాయి.

కొనమంటానా? నాలా పాత కెమెరాతో, ట్రైపాడ్ లేకుండా, జనంలో నిలబడి పూలు తీసేవాళ్లయితే సెకండ్‌హ్యాండ్‌లో చూడండి, స్విచ్ బిగువుగా ఉందో లేదో జరిపి మరీ. కొత్త కెమెరా ఉన్నవాళ్లకు ఫోకస్ బాధ ఇంతగా ఉండకపోవచ్చు. నాది అమ్ముదామని రెండుసార్లు ఫోటో తీశాను. రెండింట్లోనూ టేపు జిగురు మరక స్పష్టంగా పడింది, ఫోకస్ సరిగ్గా అక్కడే.