కొత్త ట్రావెల్ ట్రైలర్: డీలర్ వాక్‌త్రూ ఎంతవరకు పనికొస్తుంది?

ట్రావెల్ ట్రైలర్ అంటే కారు వెనక తగిలించి లాక్కెళ్లే, లోపల ఉండటానికి వీలున్న బండి. డెలివరీ రోజు డీలర్ చేయించే వాక్‌త్రూ, అంటే బండంతా తిప్పి చూపించడం, ఏ స్విచ్ ఎక్కడుందో తెలుసుకోవడానికి బాగుంటుంది, లోపాలు పట్టుకోవడానికి మాత్రం చాలదు. ఫ్రిజ్ చల్లబడటానికి గంటలు పడుతుంది కాబట్టి ముందురోజు రాత్రే ఆన్ చేయించండి.

అసలు గొడవంతా నీళ్లతోనే. ట్యాంకు నింపి, పంపు వేసి, కుళాయిలన్నీ కట్టేయండి. ఒత్తిడి ఎక్కగానే పంపు ఆగిపోవాలి. ఎవరూ ముట్టుకోకుండానే ఉండుండి గుర్రుమంటుంటే ఎక్కడో కారుతున్నట్టే. సింకు కింద జాయింట్ల చుట్టూ పొడి టిష్యూ తిప్పితే చెమ్మ ఇట్టే బయటపడుతుంది. వాటర్ హీటర్ నిండకముందే కరెంటు ఇచ్చారో, ఎలిమెంట్ మాడిపోతుంది.

పైకప్పు ఎక్కి వెంట్‌ల చుట్టూ నీళ్లు దిగకుండా పూసే సీలెంట్ చూడండి. టైరు పక్కన అచ్చేసే డాట్ (DOT) కోడ్ చివర 3524 ఉంటే 2024లో 35వ వారం తయారీ అని. కొత్త బండికి పాత టైర్లు రావడం వింతేమీ కాదు. దొరికిన లోపాలన్నీ కాగితం మీద రాయించాకే సంతకం పెట్టండి.