అర్ధరాత్రి ఐస్ రేసా, ఆదివారం మోటోజీపీయా?

మా పర్లాకిమిడి కుర్రాళ్ల మధ్య ఏటా ఇదే తగువు: ఐసు మీద జరిగే బైక్ రేసు (ఐస్ స్పీడ్‌వే) చూడాలా, మామూలు ట్రాక్ మీది బైక్ రేసు మోటోజీపీ చూడాలా అని.

నిద్ర: మార్చిలో జర్మనీలోని ఇంజెల్ ఊళ్లో ఐస్ రేసు సాయంత్రం 7కి అంటే మనకి రాత్రి 11:30. మోటోజీపీ యూరప్ రేసులు చాలావరకు ఆదివారం సాయంత్రం 5:30కి, పకోడీల వేళకి.

ఓపిక: మోటోజీపీ ముప్పావుగంట సాగుతుంది. ఐస్ మీద ఒక్కో హీట్‌కి (చిన్న రేసుకి) నలుగురు, 4 చుట్లు, నిమిషంలో సరి. బళ్లకి బ్రేకులే ఉండవు! టైర్ల నిండా దాదాపు 3 సెంటీమీటర్ల మేకులు. ఎడమకి వాలితే హ్యాండిల్ ఐసుని రాసుకుపోతుంది, తెల్లటి పొడి పొగలా లేస్తుంది. మనం చూసిన ఐసు చెరుకురసం బండి మీదదే కదా.

రిస్కు: మోటోజీపీలో మనవాడు పడితే ఆ సాయంత్రం పోయినట్టే. ఐస్ మీద పడ్డా, లేవగలిగితే తర్వాతి హీట్‌లో మళ్లీ వస్తాడు.

పొద్దున్నే డ్యూటీ ఉంటే మోటోజీపీ చూడండి. నాలా నిద్రపట్టనివాళ్లకి ఐసే.