చెక్క తుపాకీ మీద "చేతి చెక్కడం" అంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

జూలై 4న భీమవరం దగ్గర మా మేనల్లుడి స్కూల్లో అల్లూరి సీతారామరాజు జయంతి చేశారు. విల్లు ఇంకో పిల్లాడికి దక్కింది, మావాడికి అల్లూరి అనుచరుడు గంటం దొర వేషం. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద పడి తుపాకులు పట్టుకెళ్లిన కథ టీచర్ చెప్పిన దగ్గర్నుంచి వాడిది ఒకటే పట్టు. తుపాకీ కావాలి, ప్లాస్టిక్‌ది వద్దు, దాని మీద నెమలి ఉండాలి. స్టేషన్లో ఎత్తుకొచ్చిన తుపాకీ మీద నెమలి ఎందుకుంటుందిరా అని మా బావ నవ్వాడు. మేనమామని నేనున్నాను కదా, సరే అన్నాను.

వాట్సాప్‌లో తిరుగుతున్న ఒక వీడియో చూసి ఆర్డర్ పెట్టాను. అమ్మినాయన మన డెల్టా మనిషే. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి ఊరూ పేరూ రాయను. "ఆయ్, టేకేనండి. మొత్తం ఉలితో చెక్కిందేనండి. రంగులు కూడా ఏటికొప్పాక లక్కేనండి" అన్నాడు. మూరెడు తుపాకీకి 2,200 రూపాయలు, అంతా ముందే కట్టాలన్నాడు. కట్టేశాను, ఆ తప్పు నాదే. ఇప్పుడు వీడియో మళ్లీ చూస్తే అర్థమవుతోంది. అందులో ఉలి పట్టిన చెయ్యి ఉంది, తయారైన తుపాకీ ఉంది, రెండూ కలిసి మాత్రం ఒక్కసారి కూడా కనబడవు.

పార్సిల్ విప్పినప్పుడు థిన్నర్ వాసన గుప్పుమంది. చూడ్డానికి మాత్రం బాగుంది. మడమ మీద నెమలి, గొట్టం పొడుగునా లత. ఫంక్షన్ రోజు తుంపర పడింది. గేటు దగ్గర్నుంచి స్టేజీ దాకా పిల్లల ఊరేగింపు వెళ్లేసరికి నెమలి తోక ఊడిపోయింది, అంచులు టీలో ముంచిన బిస్కెట్‌లా ఉబ్బాయి, వాడి అరచేయి నల్లగా అయిపోయింది. ఆ చెయ్యి నోట్లో పెట్టుకున్నాడేమోనని మా చెల్లికి టెన్షన్. వాడి ఏడుపు వేరు: "మావయ్యా, తోక ఏదీ?"

ముక్కలన్నీ కవర్లో వేసుకుని మా వీధి చివర ఆచారి గారి దగ్గరికి వెళ్లాను. సింహద్వారాలు చెక్కే మనిషి. ఆయన దాన్ని వెలుతురుకి అడ్డంగా పట్టి, వేలితో ఒకసారి తడిమి, "ఇది చెక్కింది కాదండి బాబూ, అతికించింది" అన్నారు. సన్నటి బ్లేడు ఒక ఆకు కిందకి దూర్చగానే అది వడియంలా లేచొచ్చింది. రంపంపొట్టూ జిగురూ కలిపి అచ్చులో పోసిన ఆకు. లతలో ఇరవై రెండు ఆకులుంటే అన్నింటికీ కుడివైపు ఒకేచోట ఒకే గాటు ఉంది. అచ్చులో ఉన్న గాటు అన్నమాట. కింద ఉన్నది ఎండీఎఫ్, పైన టేకు గీతలు అచ్చేసిన కాగితం. పీచుని జిగురుతో నొక్కి చేసే బోర్డు అది, మామూలు రకమైతే తడి తగిలిన చోట ఉబ్బుతుంది.

అసలు పని ఎలా ఉంటుందో చూపించమని అడిగితే, ఓ టేకు ముక్క తీసుకున్నారు. ముందు ఆకు అంచు చుట్టూ ఉలిని నిలువుగా దింపారు. తర్వాత ఒక సగాన్ని ఇటు నుంచి కోసి, చెక్కని తిప్పి, రెండో సగాన్ని అటు నుంచి కోశారు. "నారకి ఎదురెళితే చెక్క లేచిపోద్దండి." రెండు కోతలూ కలిసిన చోట ఆకు ఈనె దానంతటదే లేచి నిలబడింది. లోపల ఉలి దిగిన పలకలు చిన్నచిన్నగా మెరుస్తున్నాయి. చెక్క గీతలు చుట్టూ ఉన్న చెక్క మీంచి ఆకు మీదకి ఎక్కి, మళ్లీ అవతల దిగుతున్నాయి. మీరు చూడాల్సింది ఇదే. గీతలు డిజైన్ అంచు దగ్గర ఆగిపోయాయంటే అది అతికించిందే. మిషన్ మీద చేసినదైతే గీతలు ఆగవు గానీ, గాడి అడుగున సమానమైన చారలుంటాయి, లోపలి మూలలు గుండ్రంగా వస్తాయి. లేజర్‌దైతే అంచులు మాడి గోధుమ రంగులో ఉంటాయి. అవేమీ తప్పు కాదు, అలా అని చెప్పి ఆ ధరకే అమ్మితే.

రంగుల మాట ఇంకో అబద్ధం. ఏటికొప్పాకలో అంకుడు చెక్కని తరిణి (లేత్) మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తారు, ఆ రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది. గుండ్రటి బొమ్మలకి కుదిరే పద్ధతి అది. పలకలా ఉండి, పైన నెమలి లేచి ఉన్న తుపాకీకి ఎలా పడుతుంది? నాకూ ముందు తట్టలేదు.

ఐఎస్ఐ మార్కు ఏదండీ అని అమ్మినాయన్ని అడిగితే "హస్తకళకి అక్కర్లేదండి" అన్నాడు. 2021 జనవరి 1 నుంచి పిల్లల బొమ్మలకి ఆ మార్కు తప్పనిసరి. మినహాయింపు ఉంది, కానీ అది కేంద్ర హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ దగ్గర నమోదైన కళాకారులు చేసి అమ్మే వాటికీ, జీఐ (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే) గుర్తింపు ఉన్న వాటికీ. అలాంటి మాట ఎవరైనా చెబితే ఆ నమోదు కార్డు ఫొటో పెట్టమనండి. నేను అడిగాక ఆయన నా నంబర్ బ్లాక్ చేశాడు. అంతకుముందు పెట్టిన ఆఖరి మెసేజ్ "వానలో తడిపితే మేమేం చేస్తామండి".

1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఫిర్యాదు నంబర్ ఇచ్చారు. స్క్రీన్‌షాట్లు, డబ్బు పంపిన రసీదు, పార్సిల్ కవరు దాచిపెట్టాను, ఏదైనా తేలితే రాస్తాను. ఈలోగా ఆచారి గారు మిగిలిన టేకు ముక్కతో తుపాకీ చేస్తానన్నారు. రంగు లేకుండా, ఆకులు మాత్రమే. నెమలి కావాలంటే ఇంకో రెండ్రోజుల కూలి అవుతుందట. మావాడు నెమలే కావాలంటున్నాడు.