డయాలసిస్ కుర్చీకా, మంచినీళ్ళ గొట్టానికా: సర్కారు వైద్యం ఖర్చులో ఏ న్యాయం మేలు?

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో, కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ ఊళ్ళలో, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష క్రియాటినిన్ పేరు బడి ముఖం చూడని వాళ్ళకీ తెలుసు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస, మందస మండలాల్లో కిడ్నీ జబ్బు ఏళ్ళ తరబడి మనుషుల్ని తీసుకుపోతోంది. నీళ్ళా, మట్టా, ఎండలో పనా, అన్నీ కలిసా అన్నది ఇంకా తేలలేదు. 2023 డిసెంబరులో ప్రభుత్వం అక్కడ రెండు పనులు ఒకేసారి ప్రారంభించింది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ఒకటి. హిరమండలం రిజర్వాయరు నుంచి ఊళ్ళకు నీళ్ళు తెచ్చే 700 కోట్ల పథకం రెండోది. మొదటిది జబ్బు పడ్డవాళ్ళ కోసం, రెండోది ఇంకా పడనివాళ్ళ కోసం.

రెండూ చేయగలిగితే పేచీయే లేదు. కానీ 2021-22లో మన దేశంలో కేంద్రం, రాష్ట్రాలు కలిపి ఆరోగ్యం మీద పెట్టింది జీడీపీలో 1.84 శాతం. 2025 కల్లా 2.5 శాతానికి తెస్తామని 2017 ఆరోగ్య విధానంలో రాసుకున్నాం. ఇంత తక్కువ డబ్బు పంచేటప్పుడు ఎవరో ఒకరు ఆగాల్సి వస్తుంది. ఆ ఆగమనే మాట ఎవరికి చెప్పాలి, ఏ న్యాయంతో చెప్పాలి?

ఉపయోగితావాదుల జవాబు సూటిగా ఉంటుంది. బ్రిటిష్ తత్వవేత్తలు బెంథామ్, మిల్ నాటి నుంచీ వాళ్ళది ఒకటే లెక్క: పెట్టిన రూపాయికి ఎక్కడ ఎక్కువ మేలు జరిగితే అక్కడ పెట్టు. డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, కిడ్నీ మార్పిడి జరిగితే తప్ప బతికినంత కాలం. ఆ ఖర్చుతో ఎంతోమందికి బీపీ, షుగరు చూసి బిళ్ళలు ఇవ్వచ్చు. బ్రిటన్‌లో ఏ మందుకు సర్కారు డబ్బు పెట్టాలో తేల్చే నైస్ అనే సంస్థ ఈ లెక్కనే పద్ధతిగా మార్చింది. పూర్తి ఆరోగ్యంతో గడిపే ఒక ఏడాదిని కొలమానంగా పెట్టుకుని, ఆ ఒక్క ఏడాదికి 20 నుంచి 30 వేల పౌండ్ల లోపు అయ్యే మందుకే సాధారణంగా సరే అంటూ చాలా ఏళ్ళు నడిచింది.

ఈ వాదంలో నాకు నచ్చేది ఒకటుంది. బీపీ బిళ్ళ వల్ల కిడ్నీ పాడవకుండా మిగిలిన మనిషికి తాను బతికి బయటపడ్డానని తెలియదు. ఆయన ఫొటో పేపర్లో రాదు, ఆయన ఎవరి గుమ్మం ముందూ దరఖాస్తుతో నిలబడడు. అలాంటివాళ్ళు కనిపించేది లెక్కలోనే. లెక్కే వద్దంటే వాళ్ళను మరచిపోయినట్టే.

అయితే లెక్క ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏమవుతుందో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రం చూపించింది. 1987లో అక్కడి చట్టసభ పేదల వైద్య పథకంలో అవయవ మార్పిడులకు డబ్బు ఆపి, దాన్ని గర్భిణులు, పిల్లల వైద్యం వైపు మళ్ళించింది. ఎముక మజ్జ మార్పిడికి డబ్బు అందక ఏడేళ్ళ పిల్లవాడు చనిపోవడంతో దేశమంతా అట్టుడికింది. ఆ తర్వాత చికిత్సలన్నింటినీ ఖర్చు, ఫలితం లెక్కగట్టి వరుసలో పెట్టారు. 1990లో వచ్చిన ఆ తొలి జాబితాలో, పంటికి క్యాపు వేయడం, ట్యూబులో నిలిచిన గర్భానికి చేసే ఆపరేషన్ కంటే ఒక మెట్టు పైన ఉంది! పంటి పని చవక, ఆ ఆపరేషన్ ఖరీదు. అది చేయకపోతే తల్లి ప్రాణమే పోవచ్చన్న సంగతి ఆ భాగహారంలో కలిసిపోయింది. జాబితాను సవరించి పంపినా, వికలాంగుల పట్ల వివక్ష ఉందంటూ 1992లో కేంద్ర ప్రభుత్వం తిప్పికొట్టింది. మార్పులు చేశాక 1994లో గానీ అమలుకు రాలేదు.

ఇంకో కొసన స్వేచ్ఛావాదులున్నారు. వైద్యం ఎవరికి అందాలో తేల్చేది జబ్బే కావాలి, జేబు కాదు అని 1962లో బ్రిటిష్ తత్వవేత్త బెర్నార్డ్ విలియమ్స్ వాదించాడు. 1974లో స్వేచ్ఛావాది రాబర్ట్ నోజిక్ దానికి ఎదురు ప్రశ్న వేశాడు: క్షవరం చేసేవాడు అవసరాన్ని బట్టే జుట్టు కత్తిరించాలని ఎవరూ అనరు కదా, డాక్టరుకు మాత్రం ఆ నియమం ఎందుకు? ఒకరి శ్రమను, సంపాదనను పన్నుగా తీసుకుని ఇంకొకరికి ఇవ్వడం ఆయన దృష్టిలో అన్యాయం. వినడానికి పదునుగా ఉన్నా, ఇది నాకు ఒక్క క్షణం కూడా మింగుడుపడదు. క్షవరం వాయిదా పడితే జుట్టు పెరుగుతుందంతే. డయాలసిస్ వాయిదా పడితే మనిషే ఉండడు. రైలు మీంచి పడ్డ కూలీకి కోల్‌కతా సర్కారు ఆసుపత్రుల్లో మంచం దొరకని కేసులో మన సుప్రీంకోర్టు 1996లో ఈ తేడానే పట్టుకుంది. అత్యవసర వైద్యం అందించడం జీవించే హక్కునిచ్చే 21వ అధికరణం కింద ప్రభుత్వ బాధ్యత అనీ, డబ్బు లేదని తప్పించుకోవడం కుదరదనీ చెప్పింది.

నా మనసు మొగ్గేది అమెరికన్ తత్వవేత్త జాన్ రాల్స్ వైపు. నువ్వు ఏ ఇంట్లో, ఏ ఒంటితో పుడతావో తెలియకుండా ఒక తెర వెనక నిలబడి నియమాలు రాయమంటాడాయన. రేపు వజ్రపుకొత్తూరులో జీడిపిక్కలు ఒలిచే ఇంట్లో పుట్టవచ్చు అనుకుని పథకం రాసేవాళ్ళు డయాలసిస్‌ను కొట్టేయలేరు, నీళ్ళనూ మరచిపోలేరు. ఈ మాట రాసిన 1971 నాటి పుస్తకంలో రాల్స్ జబ్బుల సంగతి దాదాపు పక్కన పెట్టేశాడు. ఆ ఖాళీని పూరించింది మరో తత్వవేత్త నార్మన్ డేనియల్స్. జబ్బు మనిషికున్న అవకాశాలను లాగేసుకుంటుంది కాబట్టి, వైద్యం దయ కాదు, న్యాయంలో భాగం అన్నాడు. అమర్త్య సేన్ ఇంకో మాట కలిపాడు: కాలు లేని మనిషికి అందరితో సమానంగా ఇస్తే సమానం చేసినట్టు కాదు, నడవడానికి ఆయనకు ఎక్కువ కావాలి. ఉపయోగితావాదపు లెక్కలో ఆ మనిషి రెండుసార్లు నష్టపోతాడు, ఒకసారి ఒంటివల్ల, మరోసారి ఆయనకు పెట్టిన ఖర్చుకు ఫలితం తక్కువని.

ఈ దారికీ ఒక చిక్కుంది. అందరికంటే కష్టంలో ఉన్నవాళ్ళకే ముందు అంటూ పోతే ఖజానాకు అడుగుండదు. వెన్నెముక కండరాల క్షీణతకు ఒక్క పసిబిడ్డకు ఇచ్చే జన్యు చికిత్స 16 కోట్ల దాకా పలికింది. మన అరుదైన జబ్బుల విధానం ఒక్కో రోగికి 50 లక్షల దగ్గర గీత గీసింది. ఆ గీత కింద నలిగే తల్లిదండ్రులకు ఏ సిద్ధాంతమూ ఊరట ఇవ్వలేదు. ఇది డేనియల్స్ కూడా గుర్తించాడు. సిద్ధాంతం తేల్చలేని చోట పద్ధతైనా సరిగా ఉండాలని వైద్యుడు జేమ్స్ సాబిన్‌తో కలిసి చెప్పాడు: ఎందుకు కాదన్నారో బయటపెట్టాలి, కారణాలు మామూలు మనిషి ఒప్పుకోగలిగేవై ఉండాలి, అప్పీలుకు దారుండాలి.

2007లో మొదలైన ఆరోగ్యశ్రీని ఈ కళ్ళతో చూస్తే నాకు గౌరవమూ కలుగుతుంది, బాధా కలుగుతుంది. తెల్లకార్డు ఇంటికి గుండె ఆపరేషన్ వస్తే పొలం అమ్ముకోనక్కర్లేకుండా చేసింది, అది రాల్స్ మెచ్చే పనే. రెండు లక్షలతో మొదలైన పరిమితి తెలంగాణలో 2023లో 10 లక్షలైంది. కానీ ఈ పథకాన్ని అల్లింది పెద్ద ఆపరేషన్ల చుట్టూ. ఆ ఆపరేషన్ దాకా రాకుండా ఆపే బీపీ బిళ్ళ మాత్రం పీహెచ్‌సీలో స్టాకు ఉంటేనే దొరుకుతుంది. దేశం మొత్తం మీద 2021-22లో కూడా వైద్యం ఖర్చులో 39.4 శాతం జనం జేబులోంచే పోయింది.

నన్నడిగితే, పునాది రాల్స్‌ది కావాలి, దాని మీద పద్దు ఉపయోగితావాదులు రాయాలి. డయాలసిస్ కుర్చీ ఎక్కిన ఏ ఒక్కరినీ లెక్క చూపించి దింపకూడదు. ఆ తర్వాత కొత్తగా వచ్చే ప్రతి రూపాయీ ముందు నీళ్ళకు, ఇంటింటికీ వెళ్ళి చేసే క్రియాటినిన్ పరీక్షకు, బిళ్ళలకు పోవాలి. దేనికి డబ్బిచ్చారో, దేనికి ఇవ్వలేదో, ఎందుకో తెలుగులో రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. కాదనిపించుకున్న మనిషి ఎక్కడికి వెళ్ళి అడగాలో కూడా ఆ కాగితం మీదే ఉండాలి.